ఐదు నిమిషాలే, కానీ ఎవరి బండి మీద?

శ్రోతలకు నమస్కారం.

షాద్‌నగర్ దాటి జడ్చర్ల వైపు 44వ నంబరు జాతీయ రహదారి మీద వస్తుంటే పొలాలకంటే ముందు వెంచర్ల బోర్డులే కనిపిస్తాయి. ఎక్కువ బోర్డుల మీద ఒకటే మాట: హైవేకు ఐదు నిమిషాలు. నిజమే కావచ్చు. కానీ ఎవరి బండి మీద?

జడ్చర్ల దగ్గర అట్లాంటి ఒక వెంచర్‌లో నాకు తెలిసిన అక్క ఒకామె ఇల్లు కట్టుకుంది. పాలమూరులో కిరాయి ఇల్లు ఖాళీ చేసి, బ్యాంకు లోను తీసుకుని, గృహప్రవేశానికి అందరినీ పిలిచి కడుపు నిండా పెట్టింది. ఇల్లు బాగుంది, గాలి బాగుంది. ఇంట్లో ఉన్నది ఒక్క బండి. తెల్లవారగానే ఆయన దాని మీద పోలేపల్లి కంపెనీకి వెళ్ళిపోతాడు. బిడ్డ మహబూబ్‌నగర్‌లో ఇంటర్ చదువుతోంది. పొద్దున కొంత నయం, పక్క ఊరి నుంచి వచ్చే పల్లెవెలుగు ఉంది, ఫుట్‌బోర్డు మీదన్నా చోటు దొరుకుతుంది. తిప్పలంతా సాయంత్రమే. ల్యాబ్ ఉన్న రోజు ఆ పిల్ల క్రాస్‌రోడ్డు దగ్గర దిగేసరికి చీకటి పడుతుంది. ఊరి బస్సు అప్పటికే వెళ్ళిపోయి ఉంటుంది. ఆటో నిండితే గానీ కదలదు. నిండినా ఆటో అతను వెంచర్ లోపలికి రానంటాడు. "మళ్ళ ఖాళీగ రావాలె కదమ్మా, వంద ఇయ్యుండ్రి" అంటాడు. అతన్నీ తప్పు పట్టలేం, డీజిల్ ఖర్చు అతనిదే. ఇక్కడ అక్క ఫోను పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉంటుంది. ల్యాబ్ ఉన్న ప్రతిరోజూ ఇదే టెన్షన్.

2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం. నేను మెచ్చుకునే పథకమే. టికెట్ ఫ్రీ అయింది, బస్సేది? సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్ దాకా రైలు మార్గం రెండు లైన్లయింది, కరెంటూ వచ్చింది. సంతోషం. స్టేషన్ నుంచి ఇంటికి? మళ్ళీ ఆటోనే.

పాత ఊరివాళ్ళ గోడు ఇంకొకటి. "మాకున్నదే రెండు ట్రిప్పులు. వెంచరోళ్ళు ఎక్కితే మా పిల్లలకు జాగ లేదు" అంటున్నారు. అందులో అన్యాయం ఏముంది?

ఆర్టీసీ డిపో వాళ్ళు చూసేది ఎక్కే జనాన్ని. వెంచర్‌లో ప్లాట్లు వందల్లో ఉంటాయి, లేచిన ఇళ్ళు మాత్రం అక్కడొకటి ఇక్కడొకటి. మిగతావాళ్ళు రేటు పెరగాలని ప్లాటు కొని వదిలేశారు, వాటిలో సర్కారు తుమ్మ పెరుగుతోంది. తుమ్మచెట్లు బస్సెక్కవు కదా!

అందుకే వెంచర్ వాళ్ళు, ఊరివాళ్ళు వేరువేరుగా కాకుండా కలిసి అడగాలి. "బస్సు వేయండి" అని ఒక్క ముక్క రాస్తే చాలదు. ఏ టైముకు, ఎక్కడి నుంచి, ఎంతమంది అన్నది రాసి, పంచాయతీ తీర్మానం జతచేసి డిపో మేనేజరుకు ఇవ్వండి. నన్నడిగితే అన్నిటికంటే ముందు నైట్‌హాల్ట్ బస్సు అడగమంటాను. రాత్రి ఆఖరి ట్రిప్పుగా వచ్చి, ఊళ్ళోనే ఆగి, తెల్లవారి మొదటి ట్రిప్పుగా బయలుదేరే బస్సు అది. ల్యాబ్ నుంచి వచ్చే పిల్లకూ పనికొస్తుంది, పొద్దున డ్యూటీకి పోయేవాళ్ళకూ పనికొస్తుంది. దానికి మనం చూపించాల్సినవి రెండు. బస్సు తిరగడానికి జాగ ఒకటి. డ్రైవరు, కండక్టరు పడుకోవడానికి ఫ్యాను, బాత్‌రూము ఉన్న ఒక గది రెండోది. తిరిగే జాగ గురించి లేఅవుట్ ఫైనల్ కాకముందే పట్టుబట్టండి. ఆ తర్వాత ప్లాట్లన్నీ అమ్ముడుపోతాయి, అడగడానికి మనిషి దొరకడు.

ఇంకొక్క మాట. బస్సు వచ్చాక ఆడవాళ్ళు జీరో టికెట్, అంటే పైసలు లేకుండా కొట్టిచ్చే టికెట్, అడిగి మరీ తీసుకోండి. టికెట్ కొట్టకపోతే మీరు ఎక్కినట్టు లెక్కలోకి రాదు.

నమస్కారం.