‘బాగానే ఉన్నాను’ అన్నాక అడగాల్సిన మాట

అందరికీ నమస్కారం. లివర్ మార్పిడి చేయించుకున్నవాళ్లు, తమ లివర్‌లో కొంత కోసి ఇచ్చినవాళ్లు, నర్సింగ్ విద్యార్థులు ఇలా ఒకే హాల్లో కూర్చోవడం తరచుగా జరగదు. అందుకే ఈ అరగంట నాకు చాలా విలువైనది.

నేను ఓపీలో పని చేస్తాను. ఫాలో అప్‌కి వచ్చినవాళ్లతో, బతుకు ఎలా సాగుతోందో అడిగే ప్రశ్నల కాగితాలు నింపించడం నా పనుల్లో ఒకటి. లోపల డాక్టరు గదిలో మాటలు నాకు వినబడుతూనే ఉంటాయి. "ఎలా ఉన్నారండీ?" "బాగానే ఉన్నాను సార్." డాక్టరు రక్త పరీక్షలు చూస్తారు, టాక్రో లెవెల్, అంటే కొత్త లివర్‌ని ఒళ్లు తిరగ్గొట్టకుండా వేసుకునే టాక్రోలిమస్ మందు రక్తంలో ఎంతుందో చూస్తారు, మందు మోతాదు సర్దుతారు. అయిదు నిమిషాల్లో అయిపోతుంది. అదే మనిషి బయటికొచ్చి నా దగ్గర కూర్చుని, రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదని, చెయ్యి వణుకుతోందని, నలుగురిలో టీ గ్లాసు పట్టుకోవాలంటే సిగ్గేస్తోందని చెబుతాడు. మరి లోపల చెప్పలేదేం అంటే, "ప్రాణం పోసిన మనిషి దగ్గర ఇంకా ఏం ఏకరువు పెట్టమంటారమ్మా?" అంటాడు. పక్కన కూర్చున్న భార్యే లివర్ ఇచ్చి ఉంటే ఆ మాట గొంతు దాటి అసలు రాదు.

మనకి "బాగున్నారా" అన్నది పలకరింపు. "బాగున్నాం" అనడం మర్యాద. ఒంట్లో జ్వరం ఉన్నవాళ్లు కూడా ముందు ఆ మాటే అంటారు. ఆ పలకరింపునే వైద్యానికి వాడుకుంటే మన ఫైల్లోకి ఎక్కేది మర్యాదే, ఆరోగ్యం కాదు.

ఒకప్పుడు ఈ ప్రశ్న అడిగే తీరిక కూడా లేదు. 1963లో అమెరికాలోని డెన్వర్‌లో థామస్ స్టార్జల్ మనిషికి మొదటిసారి లివర్ మార్చినప్పుడు ఆ రోగి బతకలేదు. ఎక్కువ కాలం బతికిన రోగిని చూడడానికి 1967 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ తర్వాత కొత్త లివర్‌ని ఒళ్లు తిరగ్గొట్టకుండా ఆపే మందులు, ముందు సైక్లోస్పోరిన్, దాని వెనక టాక్రోలిమస్ వచ్చి దారి మార్చేశాయి. ఇప్పుడు మార్పిడి జరిగి పదేళ్లు, ఇరవై ఏళ్లు దాటినవాళ్లు ఉన్నారు. ఆ ఏళ్లు ఎలా గడిచాయో అడగాలి కదా.

లివర్ ఎవరికి ఎంత తొందరగా కావాలో తేల్చడానికి మెల్డ్ అనే స్కోరు ఉంది. బిలిరుబిన్, ఐఎన్ఆర్, క్రియాటినిన్ లాంటి రక్త పరీక్షల్ని బట్టి మూడు నెలల్లో ప్రాణాపాయం ఎంతో లెక్క కడుతుంది. అమెరికాలో 2002 నుంచి వరుస నిర్ణయించడానికి దాన్ని వాడుతున్నారు. చాలా మంచి లెక్క అది, నాకు దాని మీద గౌరవం ఉంది. కానీ ఒళ్లంతా రక్తం వచ్చేలా గీరుకునే దురదకి అందులో ఒక్క పాయింటు కూడా రాదు. పగలంతా మత్తుగా పడి ఉండి రాత్రంతా మేలుకునే మనిషి బాధకీ రాదు. అది చావు భయాన్ని కొలిచే స్కోరు. బతుకుని కొలవడానికి వేరే కొలబద్దలు కావాలి.

అవి ఉన్నాయి. అన్ని జబ్బులకూ వాడే ఎస్ఎఫ్-36 అనే ప్రశ్నావళి ఉంది, 36 ప్రశ్నలు. ఈక్యూ-5డీలో అయిదే ప్రశ్నలు: నడక, సొంత పనులు, రోజువారీ పనులు, నొప్పి, ఆందోళన. లివర్ జబ్బుల కోసమే 29 ప్రశ్నలతో సీఎల్డీక్యూ తయారైంది. మార్పిడి అయినవాళ్ల కోసం ప్రత్యేకంగా ఇంకొకటి ఉంది. అందులో మందుల ఇబ్బంది, కొత్త లివర్‌ని ఒళ్లు తిరగ్గొడుతుందేమోనన్న భయం, డబ్బు టెన్షన్ లాంటివి అడుగుతారు.

నా గోడు అంతా ఈ ప్రశ్నలు తెలుగులోకి వచ్చే దగ్గరే. ఎస్ఎఫ్-36 ఇంగ్లీషులో, ఓ మాదిరి శ్రమకి ఉదాహరణలుగా బల్ల జరపడం, వాక్యూమ్ క్లీనర్ తోయడం, బౌలింగ్ ఆట, గోల్ఫ్ ఇచ్చారు. వరి పొలం నుంచి వచ్చిన మనిషికి ఇవి ఎలా చదివి వినిపించాలి? ఆ ప్రశ్నావళి వంగడం గురించి, మోకాళ్ల మీద కూర్చోవడం గురించి అడుగుతుంది. కింద బాసింపట్టు వేసుకుని భోంచేసి, చెయ్యి ఆన్చకుండా లేవగలరా అని మాత్రం అడగదు. పొట్ట అడ్డంగా కోసి కుట్టిన మనిషికి అసలైన పరీక్ష అదే. బిందె ఎత్తడం కూడా అంతే.

అలాగని మనకి నచ్చినట్టు మార్చేయడానికీ లేదు. మారిస్తే వేరే చోటి స్కోరుతో పోల్చలేం, పైగా చాలావాటికి హక్కుదారుల అనుమతి కావాలి. పద్ధతిగా చేయాలంటే ఇద్దరు విడివిడిగా అనువదించి, రెండూ కలిపి ఒకటి చేసి, అసలు ప్రశ్నావళి చూడని ఇంకొకరితో దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి రాయించి పోల్చాలి. ఆఖర్న రోగుల దగ్గర కూర్చుని, "ఈ ప్రశ్న వింటే మీకేం అర్థమైంది?" అని అడగాలి. అన్నిటికంటే విలువైనది ఈ ఆఖరి పనే. తొందరలో ముందు వదిలేసేదీ ఇదే.

మార్పిడి తర్వాత చాలామందిని ఏళ్ల తరబడి వదలనిది ఫెటీగ్. దీన్ని తెలుగులో ఏమనాలి? "అలసటగా ఉంటోందా?" అని ఒకాయన్ని అడిగాను. "పనే చేయనివ్వట్లేదు కదమ్మా ఇంట్లో, అలసటెక్కడిది?" అన్నారు. కాగితం మీద ‘అస్సలు లేదు’ అని టిక్ పడింది. మాట మార్చి, "నీరసంగా ఉంటోందా?" అన్నాను. ఆయన కాసేపు ఆగి, "పొద్దున లేచేసరికే ఒంట్లో సత్తువ ఉండదు. మంచం దిగడానికే పెద్ద ప్రయత్నం చేయాలి" అన్నారు. అలసట అంటే పని చేసినవాళ్లకి వచ్చేది. పని లేకుండా వచ్చేదానికి మనకి నీరసం, నిస్సత్తువ అని వేరే మాటలున్నాయి. ఒక్క మాట తేడాతో అదే మనిషి ఆరోగ్యవంతుడూ అయ్యాడు, రోగీ అయ్యాడు.

మనసు సంగతీ ఇంతే. దిగులు వేరు, బెంగ వేరు, భయం వేరు. చనిపోయినవాళ్ల నుంచి లివర్ అందుకున్న ఒకావిడ, "దిగులేం లేదు, ఎవరి బిడ్డో అని బెంగగా ఉంటుంది" అంది. ఆ బెంగకి నా కాగితంలో గడి లేదు.

జీవన నాణ్యత మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన 26 ప్రశ్నల కాగితంలో ఇంకో చిక్కు ఉంది. మనుషులతో సంబంధాల గురించి అందులో మూడే ప్రశ్నలు, వాటిలో ఒకటి దాంపత్య సుఖం గురించి. చుట్టూ అత్తగారు, తమ్ముడు నిలబడి ఉండగా ఎవరు నింపుతారు దాన్ని? ఖాళీగా వదిలేస్తారు. అది ఖాళీ అయితే మిగిలిన రెండు ప్రశ్నలే ఆ భాగమంతా మోయాలి. నిజానికి ఇది తప్పక మాట్లాడాల్సిన విషయం. జబ్బుతో నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లకి మార్పిడి అయిన కొన్ని నెలల్లోనే మళ్లీ రావచ్చు, గర్భమూ రావచ్చు. కనీసం ఏడాది ఆగమని చెబుతారు. ఎవరూ అడక్కపోతే ఆవిడ ఎవరితో చెప్పుకుంటుంది? అందుకే అటెండెంట్లని బయట కూర్చోబెట్టి కాగితం ఇవ్వండని ఇక్కడున్న నర్సింగ్ పిల్లలకి గట్టిగా చెబుతున్నాను.

సున్నా నుంచి నూరు దాకా థర్మామీటర్‌లా గీసిన స్కేలు మీద "ఇవాళ మీ ఆరోగ్యం ఎక్కడుంది?" అని అడిగే పద్ధతి కూడా ఉంది. ఒక పెద్దాయన ఆ గీత వైపు చాలాసేపు చూసి, "పదహారణాలకి పన్నెండణాలు" అన్నారు. నేను 75 అని రాసుకున్నాను. ఆపరేషన్‌కి ముందు ఆయనే 60 చెప్పి ఉన్నారు. పదిహేనే పెరిగిందా అని నాకు ఆశ్చర్యం వేసి, "అప్పుడు ఎలా ఉండేవారు?" అని మళ్లీ అడిగితే, "అప్పుడా? రెండణాలు కూడా లేనమ్మా. పొట్టలో నీళ్లు తీయించుకోవడమే బతుకు అనుకున్నా" అన్నారు. ఆయన ముందు చెప్పింది అబద్ధం కాదు. ఆరోగ్యం అంటే ఏమిటో మర్చిపోయిన మనిషి అప్పట్లో తన కొలత తను వేసుకున్నాడు. ఇప్పుడు కొలబద్దే మారింది. తర్వాతి స్కోరు నుంచి ముందు స్కోరు తీసేసి, వచ్చిన తేడానే అసలు లాభం అనుకుంటే ఇలాంటి మనిషి కనబడడు.

కనబడనివాళ్లు ఇంకా ఉన్నారు. మార్పిడి అయిన మొదటి ఏడాదిలో జీవన నాణ్యత బాగా పెరుగుతుందని, అయినా శారీరక శక్తి విషయంలో మామూలు జనాభా కంటే కొంత తక్కువగానే ఉంటుందని చాలా అధ్యయనాలు చూపించాయి. నేను చూసేదీ అదే. కానీ ఆ సగటు కాగితం నింపినవాళ్లది. చనిపోయినవాళ్లు నింపలేదు. బస్సు చార్జీలకి, నెల నెలా మందులకి డబ్బు సర్దలేక ఓపీకి రావడం మానేసినవాళ్లు నింపలేదు. రాని మనిషికి ఫోన్ చేయడం కూడా కొలతలో భాగమే.

ఇక దాతలు. మన రెండు రాష్ట్రాల్లో జీవన్‌దాన్ అనే ప్రభుత్వ పథకం ద్వారా మరణానంతర అవయవ దానాలు జరుగుతున్నా, దేశం మొత్తం మీద చూస్తే ఎక్కువ లివర్లు ఇప్పటికీ బతికున్న దగ్గరివాళ్లు ఇచ్చినవే. అందులో భార్యలు, తల్లులు ఎంతోమంది. "లివర్ మళ్లీ పెరుగుతుందిలే" అంటాం. నిజమే, పెరుగుతుంది. కోత దగ్గర తిమ్మిరి, బరువు ఎత్తాలంటే జంకు, "నీకేమైందిలే, జబ్బు ఆయనకి కదా" అనే బంధువుల మాట, వీటిని ఎవరు లెక్క పెట్టారు? చాలా చోట్ల ఫాలో అప్ కాగితం మీద రోగి పేరే ఉంటుంది. దాత పేరుతో వేరే ఫైలు, వేరే ప్రశ్నలు, ఏటా ఉండాలి. ఈ విషయంలో నేను సర్దుకుపోలేను.

వెనక బల్ల మీద ఒక కాగితం పెట్టాను. అది ప్రశ్నావళి కాదు. నీరసం, అలసట, బడలిక, దిగులు, బెంగ, చిరాకు, ఆయాసం లాంటి మాటలు ఇరవై దాకా రాశాను. మార్పిడి అయినవాళ్లు, దాతలు, మీ ఇంట్లో మీరు నిజంగా అనే మాట పక్కన టిక్ పెట్టండి. లేని మాటలుంటే కింద రాయండి. కోస్తా మాట, తెలంగాణ మాట, రాయలసీమ మాట, ఏదైనా సరే. రాయడానికి చెయ్యి వణికితే నాతో చెప్పండి, నేను రాస్తాను.