ఫోకస్ మోడ్, వంటింటి టైమర్: జీఎస్టీ లెక్కల బల్ల మీద ఏది పనికొస్తుంది?

నమస్కారమండీ. ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ షాపుల్లో లెక్కలు రాసే మనవాళ్లకే ఈ రివ్యూ. చూస్తున్నవి రెండు: ఆండ్రాయిడ్ ఫోన్లో ధ్యాస చెడగొట్టే యాప్‌లని కాసేపు ఆపే ఫోకస్ మోడ్, వంటింటి టైమర్.

ధ్యాస తప్పితే ఏమవుతుందో ముందు చూడండి. ఆంధ్రలోని ఇచ్ఛాపురం వ్యాపారికి సరుకు పంపాలి, లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీలో ఆయన పేరిట కొత్త లెడ్జరు (ఖాతా) తెరుస్తున్నారు. ఈలోగా వాట్సాప్ మోగింది. అటు చూసి వచ్చేసరికి రాష్ట్రం దగ్గర ఒడిశాయే ఉండిపోయింది. జీఎస్టీ నంబరు మొదట్లో 21 ఉంటే ఒడిశా, 37 ఉంటే ఆంధ్ర. ఆ రెండంకెలు ఎవరూ చూడలేదు. ఇక వేరే రాష్ట్రానికి అమ్మితే వేసే ఐజీఎస్టీ పడాల్సిన చోట, సొంత రాష్ట్రంలో అమ్మితే వేసే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ పడిపోతాయి. రిటర్నూ అలాగే వెళ్లిపోతే ఐజీఎస్టీ మళ్లీ కట్టి, ముందు కట్టినదానికి రీఫండ్ పెట్టుకోవాలి. వడ్డీ పడదు గానీ డబ్బు ఇరుక్కుంటుంది.

సరే, ఫోకస్ మోడ్. సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ తెరిస్తే కనిపిస్తుంది. కొన్ని కంపెనీల ఫోన్లలో పేరు, చోటు వేరు. ఆపాల్సిన యాప్‌లకి టిక్కు పెట్టి ఆన్ చేస్తే వాటి ఐకాన్లు బూడిదరంగులోకి మారతాయి, నోటిఫికేషన్లు ఆగుతాయి. మామూలు కాల్స్ వస్తాయి. వాట్సాప్‌కి టిక్కు పెడితే అందులో వచ్చే కాల్స్ తెలియవు, షావుకారుకి ముందే చెప్పుకోండి. మెసేజెస్ యాప్‌ని మాత్రం ముట్టుకోవద్దు. రిటర్ను వేసే వేళ ఓటీపీ వచ్చిందో లేదో తెలియక కూర్చుంటారు.

లోపం ఎక్కడంటే, టేక్ ఎ బ్రేక్ అని ఓ బటన్ ఉంది. 5, 15, 30 నిమిషాలు సెలవిచ్చేస్తుంది. దొంగ చేతికి తాళాలిచ్చినట్టే! ఇంకోటి, కంప్యూటర్లో వాట్సాప్ వెబ్ తెరిచి ఉంటే ఇదంతా దండగ. ఫోన్లో లింక్డ్ డివైసెస్‌కి వెళ్లి లాగౌట్ చేయండి.

ఇక టైమర్. 1980ల చివర్లో ఇటలీకి చెందిన ఫ్రాన్సెస్కో చిరిల్లో టమాటా ఆకారపు వంటింటి టైమర్‌తో మొదలుపెట్టిన పద్ధతి ఇది. దాని పేరు పొమొడోరో, అంటే వాళ్ల భాషలో టమాటా. 25 నిమిషాల పని, 5 నిమిషాల విరామం, నాలుగు సార్లయ్యాక 15 నుంచి 30 నిమిషాలు. మధ్యలో పని చెడితే ఆ 25 లెక్కలోకి రాదంటాడాయన. మన కౌంటర్ దగ్గర అది జరిగే పనేనా? ఒకరు ఒడియాలో, ఒకరు తెలుగులో, ఇంకొకరు హిందీలో ధర అడుగుతూనే ఉంటారు.

అందుకే 15 నిమిషాలు పెట్టండి, పది బిల్లులు క్లిప్పు పెట్టి పక్కన ఉంచుకోండి. బిల్లు మధ్యలో టైమర్ మోగితే ఆ బిల్లు పూర్తి చేశాకే లేవండి. తప్పనిసరిగా లేవాల్సొస్తే ట్యాలీ ప్రైమ్‌లో కంట్రోల్ ఎల్ నొక్కి ఆ వోచర్‌ని (బిల్లు ఎంట్రీని) ఆప్షనల్‌గా సేవ్ చేయండి, లెక్కల్లో కలవదు. ఆ వోచర్ నంబరు మాత్రం చీటీ మీద రాసి కీబోర్డు కింద పెట్టాలి. తిరిగి రెగ్యులర్ చేయడం మరిచారో, ఆ బిల్లు రిటర్నులోకే రాదు.

నా మార్కులు: ఫోకస్ మోడ్‌కి పదికి 6, టైమర్‌కి 8.

ఒక్క మాట. అమ్మకాల వివరాలిచ్చే నెలవారీ రిటర్ను జీఎస్టీఆర్-1కి గడువు మరుసటి నెల 11వ తేదీ. ఫోకస్ మోడ్ షెడ్యూలులో సోమ, మంగళ అంటూ వారాలే ఉంటాయి, తేదీలు ఉండవు. 8, 9, 10 తేదీల్లో దాన్ని మీరే చేత్తో ఆన్ చేసుకోవాలి.