డబ్బా వెనక్కి తిప్పి చూశారా? విటమిన్, మూలికల మాత్రలు కొనేముందు

[తెర మీద: రెండు కాల్షియం డబ్బాలు పక్కపక్కన. ఒకదాని ముందువైపు పెద్ద అక్షరాల్లో 1250 మి.గ్రా., రెండోదాని మీద 500 మి.గ్రా.]

నమస్కారం అండీ. ధర ఒకటే అనుకోండి, ఈ రెండింట్లో ఏది తీసుకుంటారు? చాలామంది చెయ్యి 1250 మీదకే పోతుంది. సరే, డబ్బా వెనక్కి తిప్పుదాం.

[తెర మీద: లేబుల్ బాగా దగ్గరగా. ఒక్కో వరుస కింద వేలు కదులుతుంది]

"కాల్షియం కార్బొనేట్ 1250 మి.గ్రా." అని రాసుంది. దాని కిందే చిన్న అక్షరాల్లో "ఎలిమెంటల్ కాల్షియం 500 మి.గ్రా.కు సమానం" అని ఉంది. కాల్షియం కార్బొనేట్ బరువులో అసలు కాల్షియం 40 శాతమే. రెండో డబ్బా వాళ్లు నేరుగా ఆ 500నే ముందువైపు వేశారు. అంటే రెండింట్లోనూ ఉన్న అసలు కాల్షియం ఒకటే! కాల్షియం సిట్రేట్ అయితే అసలు కాల్షియం 21 శాతమే ఉంటుంది, అందుకే ఆ మాత్రలు అంత లావుగా ఉంటాయి. కార్బొనేట్ భోజనంతో పాటు వేసుకుంటే బాగా ఒంటబడుతుంది. సిట్రేట్‌కు ఆ పట్టింపు లేదు.

ఇంకో తిరకాసు కూడా ఉంది. పట్టికలో పైన "ఒక సర్వింగ్‌కు" అని ఉంటుంది. సర్వింగ్ అంటే ఎన్ని మాత్రలో పక్కనే వెతకండి. రెండో మూడో అని ఉంటే, 60 మాత్రల డబ్బా రెండు నెలలు రాదు. అప్పుడు ధర మళ్లీ లెక్కేసుకోవాల్సిందే.

ముందువైపు ఉన్నదంతా ప్రకటన. మనకు కావాల్సింది వెనకాల ఉంది.

[తెర మీద: వెనకవైపు లైసెన్స్ నంబర్లు, మూడు రకాల డబ్బాలు]

వెనకాల ముందుగా చూడాల్సింది, ఇది ఏ ఖాతాలో అమ్ముడవుతోందని. మన దేశంలో ఇవి మూడు దారుల్లో వస్తాయి. దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తు, 14 అంకెల లైసెన్స్ నంబరు ఉంటే అది చట్టం దృష్టిలో ఆహారం. "వైద్య అవసరాలకు కాదు" అని దాని మీదే రాసి ఉంటుంది. అలాంటి డబ్బా చూపించి "షుగర్ తగ్గిపోతుంది" అని ఎవరైనా చెబితే, ఆ మాట లేబుల్‌కే విరుద్ధం. రెండోది డ్రగ్ లైసెన్స్ మీద వచ్చే మందు. మూడోది ఆయుర్వేద మందు. దీనికి రాష్ట్ర ఆయుష్ అధికారులిచ్చే లైసెన్స్ ఉంటుంది. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరును ఆ సంస్థదే అయిన ఫాస్కాస్ వెబ్‌సైట్‌లో కొట్టి చూడొచ్చు, కంపెనీ పేరు, చిరునామా వస్తాయి. డబ్బా మీది పేరు, అక్కడి పేరు కలవకపోతే కొనకండి. అయితే లైసెన్స్ ఉందంటే తయారీకి అనుమతి ఉందనే అర్థం. మాత్ర పనిచేస్తుందని ప్రభుత్వం హామీ ఇచ్చినట్టు కాదు.

[తెర మీద: అశ్వగంధ డబ్బా, పక్కనే వేరు, ఆకు బొమ్మలు]

ఇప్పుడు మూలికల సంగతి. అసలు చిక్కంతా ఇక్కడే. "అశ్వగంధ 500 మి.గ్రా." అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే ఆ డబ్బాను పక్కన పెట్టేయండి. అది పొడా, సారమా? సారమైతే విథనోలైడ్లు, అంటే అశ్వగంధలో పనిచేసే పదార్థాలు, ఎంత శాతం? అన్నిటికన్నా ముఖ్యంగా, వేరు నుంచి తీశారా, ఆకు నుంచా? మన పెద్దవాళ్లు పెన్నేరు గడ్డ అని వాడింది వేరునే. ఆకు చవక. వేరు సారం పేరుతో ఆకు కలపడం మొదలవడంతో, ఆకులు వాడొద్దని 2021లో ఆయుష్ మంత్రిత్వ శాఖ తయారీదారులకు సూచన ఇచ్చింది. కాబట్టి "వేరు" అని స్పష్టంగా రాసినదే తీసుకోండి. వేరైనా సరే, గర్భిణులు, థైరాయిడ్, కాలేయ జబ్బులున్నవాళ్లు డాక్టర్‌ను అడక్కుండా ముట్టుకోవద్దు.

"మూలికే కదండీ, సైడ్ ఎఫెక్ట్స్ ఏముంటాయి" అంటారు చూడండి, ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. కరోనా రోజుల్లో ఇంటింటా తిప్పతీగ కషాయం కాచుకున్నారు. 2021లో ముంబై డాక్టర్లు తిప్పతీగ వాడినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసులు బయటపెట్టారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, దాన్ని పోలిన వేరే జాతి తీగ వాడి ఉండొచ్చంది. ఎవరిది నిజమైనా, కొనేవాడికి ప్రశ్న ఒకటే: డబ్బాలో ఉన్నది ఏ మొక్క? అందుకే మొక్క శాస్త్రీయ నామం, వాడిన భాగం లేబుల్ మీద ఉండాలి.

లోహాలను కాల్చి చేసే భస్మాలున్న మందుల దగ్గర ఇంకా జాగ్రత్త. 2004లో బోస్టన్ చుట్టుపక్కల దుకాణాల్లో దొరికిన, దక్షిణాసియాలో తయారైన ఆయుర్వేద మందులు 70 రకాలు పరీక్షిస్తే, 14 రకాల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి బయటపడింది. బ్యాచ్ నంబరుకు ల్యాబ్ రిపోర్ట్ ఇవ్వగలరా అని కంపెనీకి మెయిల్ పెట్టండి. మంచి కంపెనీ పంపిస్తుంది.

అమెరికా నుంచి వచ్చే బంధువుల సూట్‌కేసులో మల్టీవిటమిన్ డబ్బాలు తప్పకుండా ఉంటాయి కదా. "ఫారిన్ సరుకు" అని గుడ్డిగా నమ్మకండి. అక్కడ కూడా సప్లిమెంట్లను అమ్మకానికి ముందు అక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించదు. యూఎస్‌పీ వెరిఫైడ్, ఎన్‌ఎస్‌ఎఫ్ లాంటి ముద్రలు కంపెనీలు తమంతట తాము పరీక్ష చేయించుకుంటేనే వస్తాయి. తెమ్మని చెప్పేటప్పుడు ఆ ముద్ర ఉన్నదే తెమ్మనండి.

[తెర మీద: 10,000 మైక్రోగ్రాముల బయోటిన్ గమ్మీల సీసా]

జుట్టు కోసం పిల్లలు తెగ తింటున్నది ఇదే. ఒంటికి రోజుకు 30, 40 మైక్రోగ్రాముల బయోటిన్ అనే ఈ విటమిన్ చాలు. ఇందులో ఉన్నది 10,000! ఇంత మోతాదు థైరాయిడ్ టెస్టును, గుండెపోటు అనుమానంతో చేసే ట్రోపోనిన్ టెస్టును కూడా తప్పుదారి పట్టించగలదు. రక్తపరీక్షకు వెళ్తే ఇది తింటున్నామని ల్యాబ్‌లో, డాక్టర్‌కు చెప్పండి.

విటమిన్ డి కూడా అంతే. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దవాళ్లకు రోజుకు 600 ఐయూ (విటమిన్ డి కొలిచే యూనిట్లు) చాలంటుంది. డాక్టర్ రాసే 60,000 ఐయూ సాచెట్ మామూలుగా వారానికి ఒకటి. దాన్ని రోజూ తాగేస్తే రక్తంలో కాల్షియం పెరిగి ఆసుపత్రి పాలవుతారు.

షుగర్‌కు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడుతున్నవాళ్లకు మాత్రం బీ12 నిజంగానే తగ్గొచ్చు. టెస్ట్ చేయించుకుని, ఎంత వాడాలో డాక్టర్‌తో రాయించుకోండి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు కాల్షియానికి, దానికి మధ్య 4 గంటల ఎడం పెట్టండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ఏ కొత్త డబ్బా అయినా విప్పకముందే డాక్టర్‌కు చూపించండి.

[తెర మీద: 1800-180-3024]

ఏదైనా వేసుకున్నాక కళ్లు పచ్చబడినా, దద్దుర్లు వచ్చినా వెంటనే ఆపేసి ఆసుపత్రికి వెళ్లండి. డబ్బా పారేయకుండా వెంట తీసుకెళ్లండి, బ్యాచ్ నంబరు దాని మీదే ఉంటుంది. మందుల దుష్ఫలితాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం టోల్ ఫ్రీ నంబరు తెర మీద ఉంది. డాక్టరే చేయాలని లేదు, మీరూ ఫోన్ చేసి చెప్పొచ్చు.