జ్వరం తగ్గింది, దిగులు తగ్గలేదు

[దృశ్యం: జీడితోట పక్కన పెంకుటిల్లు. వక్త అరుగు మీద కూర్చుని ఉంటారు.]

నమస్కారం. పలాస దగ్గర మా ఊరి నుంచి మాట్లాడుతున్నాను. 2021 మే నెలలో మా పెద్దనాన్న కరోనాతో పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికి వచ్చారు. పరీక్షలో నెగెటివ్. పెద్దమ్మ గుమ్మంలోనే దిష్టి తీసి లోపలికి తీసుకెళ్లింది. గండం గడిచిందనుకున్నాం.

[దగ్గరి దృశ్యం: దిండు, దాని కింద పల్స్ ఆక్సీమీటర్.]

రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఈ మీటరు ఆయన దిండు కింద ఉండేది. అర్ధరాత్రి ఒకసారి, రెండింటికి ఒకసారి చీకట్లోనే వేలికి తగిలించుకునేవారు. 97 కనిపించినా నమ్మకం కుదరక, వేలు మార్చి మళ్లీ చూసేవారు. జీడిపిక్కలు ఏరే రోజులైనా తోటవైపు వెళ్లలేదు. "ఒంట్లో బాగానే ఉంది కదా, ధైర్యం తెచ్చుకోండి" అని అందరం చెప్పాం. నేనూ చెప్పాను. ఆయన మాట్లాడటమే తగ్గించేశారు.

[దృశ్యం: వక్త ముఖం.]

మామూలు జ్వరం వచ్చినప్పుడు మనకెలా ఉంటుందో గుర్తు చేసుకోండి. అన్నం సహించదు. ఎవరైనా పలకరిస్తే విసుగు. దుప్పటి ముసుగేసుకుని పడుకోవాలనిపిస్తుంది. వైరస్‌తో పోరాడేటప్పుడు శరీరం సైటోకైన్లు అనే పదార్థాలను విడుదల చేస్తుంది. శక్తిని దాచుకొమ్మని అవి మెదడుకు కబురు పంపుతాయి. చాలామందిలో జ్వరంతోపాటే ఆ కబురూ ఆగిపోతుంది. కొందరిలో వారాలు, నెలలు సాగుతుంది. దానికి తోడు ఆక్సిజన్ మాస్కు, నిద్రలేని రాత్రులు, అయినవాళ్లు దగ్గర లేకపోవడం. కరోనా చికిత్సలో ఇచ్చే స్టెరాయిడ్ మందులు కూడా నిద్రను, మనసును చెదరగొట్టవచ్చు.

2021లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2,36,000 మందికి పైగా కరోనా రోగుల వైద్య రికార్డులు పరిశీలించారు. ఆరు నెలల్లోపే మూడింట ఒక వంతు మందికి నాడీ సంబంధమైన సమస్యో, మానసిక సమస్యో ఉన్నట్టు తేలింది. ఆందోళన రుగ్మత 17 శాతం మందిలో ఉంది. డెంగ్యూ తగ్గినవాళ్లలోనూ నిస్సత్తువ, కుంగుబాటు కనిపిస్తుంటాయి.

ఒకరోజు మా అత్త వచ్చింది. ధైర్యం మాటలేవీ చెప్పలేదు. "అన్నయ్యా, రాత్రిళ్లు నిద్ర పడుతోందా?" అని అడిగింది.

"కళ్లు మూస్తే పక్క మంచం కనిపిస్తోందమ్మా" అన్నారు.

ఆసుపత్రిలో ఆ మంచం మీది మనిషి ప్రాణం పోవడం ఆయన చూశారట. అన్నాళ్లూ మాలో ఎవరికీ తెలియదు.

[తెరపై పెద్ద అక్షరాలతో: 14416]

దిగులు, నిద్రలేమి, దేని మీదా మనసు లేకపోవడం రెండు వారాలు దాటితే డాక్టరుకు చూపించండి. రక్తహీనత, థైరాయిడ్, షుగర్ పరీక్షలు కూడా చేయించండి. వాటి వల్లా నీరసం, దిగులు వస్తాయి. శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. నలుగురూ ఏమనుకుంటారోనని జంకుతుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, రాత్రీపగలూ ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు. బతకాలని లేదన్న మాట నోట వస్తే మాత్రం రెండు వారాలు ఆగకండి. ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా అప్పుడే తీసుకెళ్లండి. మందులు రాస్తే, గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. సొంతంగా ఆపేయకండి.

[దృశ్యం: తోట గట్టు, సాయంకాలం.]

పెద్దనాన్న మందులు వాడుతూ మొదట వీధి చివరిదాకా, తర్వాత ఈ గట్టుదాకా నడిచారు. దసరా నాటికి మీటరులోని బ్యాటరీలు తీసి పెద్దమ్మ చేతికిచ్చారు, టీవీ రిమోట్‌లో వేయమని.