డ్రిల్ మోగే గంటలో కలుద్దాం

హోస్ట్: నమస్తే అండీ. ఇవాళ మనతో ఉన్న అక్క ఆడియో పుస్తకాలు చదువుతారు. పైసా తీసుకోకుండా, వాలంటీర్‌గా. అది చాలదన్నట్టు తనలా చదివేవాళ్లందర్నీ నెలకోసారి వీడియో కాల్‌లో కూర్చోబెట్టే పని కూడా నెత్తినేసుకున్నారు. అక్కా, నమస్తే. ముందిది చెప్పండి, మీ వెనకాల ఆ చప్పుడేంటి?

అక్క: పక్కింట్లో గోడకి డ్రిల్ కొడుతున్నారు. పొద్దుట్నుంచీ ఇదే గోల. అందుకేగా నీకీ టైమ్ ఇచ్చాను.

హోస్ట్: అందుకే అంటే?

అక్క: మరి! ఇల్లు సద్దుమణిగి ఉంటే నీతో కబుర్లెందుకు చెప్తాను, వెళ్లి రికార్డ్ చేసుకుంటాను గానీ. నవ్వకు, నిజంగానే చెప్తున్నా. మీటింగ్ ఎప్పుడు పెట్టాలన్నదానికి మొత్తం కీలకం ఇక్కడే ఉంది.

హోస్ట్: సరే, అక్కడికే వద్దాం. కానీ ఈ లోకం తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పండి. అసలు మీరంతా ఒకరికొకరు ఎలా తెలుసు?

అక్క: తెలియదు! అదే తమాషా. లిబ్రివాక్స్ పేరు వినుంటావు. 2005లో హ్యూ మెక్‌గ్వైర్ అనే ఆయన మాంట్రియల్‌లో మొదలుపెట్టాడు. కాపీరైట్ తీరిపోయిన పుస్తకాన్ని ఎవరింట్లో వాళ్లు కూర్చుని అధ్యాయాల లెక్కన చదివి పంపుతారు. ఆ రికార్డింగ్ మీద కూడా ఎవరికీ హక్కులుండవు, ఎవరైనా వాడుకోవచ్చు. తర్వాత ఇలాంటి గుంపులు చిన్నవీ పెద్దవీ చాలానే వచ్చాయి, మాదీ అలాంటిదే. మూడో అధ్యాయం ఒకరు చదువుతారు, నాలుగోది నేను. ఇద్దరం పక్కపక్కనే ఉంటాం, పుస్తకంలో. మనుషులుగా ఒకళ్ల మొహం ఒకళ్లు చూసి ఎరగం. ఇంకొకళ్లు ఉంటారు, ప్రూఫ్ లిజనర్. నా ఫైల్ మొత్తం విని, "నాలుగు నిమిషాల పన్నెండో సెకను దగ్గర ఒక మాట రెండుసార్లు పడింది, ఆరో నిమిషంలో కుర్చీ కిర్రుమంది" అని రాసి పంపుతారు. నా ఊపిరి ఎక్కడ తెగుతుందో నాకంటే ఆవిడకే బాగా తెలుసు. ఆవిడ పేరు మాత్రం రెండేళ్లపాటు నాకు ఒక యూజర్ ఐడీయే.

హోస్ట్: అందుకని ఒకసారి కలుద్దామనుకున్నారు.

అక్క: అనుకోవడం తేలికే. టైమ్ కుదరాలిగా! మొదట అందరూ చేసేదే చేశాను. పోల్ పెట్టి, పది టైములిచ్చి టిక్కు పెట్టండన్నాను. పదహారు మందిమి, ఏ ఇద్దరికీ కుదరలేదు. కొందరైతే అసలు ముట్టుకోలేదు. ఎందుకో నాకర్థం కాలేదు, ఖాళీ లేకేమో అనుకున్నా. తర్వాత ఒకావిడ విడిగా మెసేజ్ పెట్టింది. "మీరిచ్చిన రాత్రి టైమ్ నాకు ఖాళీయే. కానీ పిల్లలు పడుకుని, ఫ్యాన్ ఆపేసి, నేను చదువుకోగలిగే గంట అదొక్కటే. దాన్ని మీటింగ్‌కి ఇవ్వలేను" అని.

హోస్ట్: అబ్బ.

అక్క: చెంప మీద కొట్టినట్టయింది. మనవాళ్లలో స్టూడియో ఎవరికుంది? అల్మరాలో బట్టల మధ్య మైక్ పెట్టుకునేవాళ్లు, దుప్పటి కప్పుకుని చదివేవాళ్లు. వాళ్లకి రోజు మొత్తంలో చప్పుడు లేని గంట ఒకటి దొరికితే గొప్ప. నేను సరిగ్గా దానికే ఎసరు పెడుతున్నా. అప్పుడు ప్రశ్న తిప్పి అడిగాను. మీకెప్పుడు ఖాళీ అని కాదు, "మీ ఇంట్లో రికార్డింగ్ అస్సలు కుదరని టైమేది?" అని. ఇక చూడు, జవాబులు కుప్పలుతెప్పలు! మేడ మీద పిల్లలు గెంతే టైమ్, వాషింగ్ మెషిన్ తిరిగే టైమ్, వీధిలో హారన్లు మోతెక్కిపోయే టైమ్. అలాంటి రెండు టైములు తేలాయి. ఒక నెల ఇది, ఒక నెల అది. అందరికీ సరిపోయే ఒకే టైమ్ కోసం వెతకడం మానేశాను. లేదది.

హోస్ట్: కానీ అందరూ అదే గోలలోంచి మాట్లాడితే వినపడుతుందా?

అక్క: మ్యూట్ ఎందుకుంది మరి! ఎవరి వంతు వస్తే వాళ్లే తీస్తారు. హెడ్‌ఫోన్స్ మాత్రం కచ్చితం. ఒక్కరు స్పీకర్లో వింటే చాలు, అందరి గొంతులూ తిరిగి మనకే వినిపిస్తాయి.

హోస్ట్: వేర్వేరు దేశాల్లో ఉంటారు కదా, గడియారాల గొడవ?

అక్క: అయ్యో, దాని సంగతడక్కు. మొదట్లో న్యూయార్క్ టైమ్ పొద్దున్న పదింటికి అని రాసేదాన్ని. లండన్‌లో ఉన్నవాళ్లు మధ్యాహ్నం మూడింటికని లెక్కేసుకునేవాళ్లు, సాఫీగా జరిగిపోయేది. మార్చి వచ్చింది. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం ఒక గంట ముందుకు జరుపుతారు. యూరప్‌లో అదే నెల ఆఖరి ఆదివారం. మధ్యలో రెండు మూడు వారాలు ఇద్దరి మధ్యా ఉండే తేడా మారిపోతుంది. నా మీటింగ్ సరిగ్గా ఆ వారాల్లోనే పడింది. లండన్‌వాళ్లు మూడింటికి ముస్తాబై వచ్చేసరికి మేము టాటా చెప్పుకుంటున్నాం. తప్పు నాదే, ఇంకెవర్నని ఏం లాభం. ఇప్పుడు యూటీసీలోనే, అంటే ముందుకీ వెనక్కీ జరపని ప్రపంచ ప్రామాణిక సమయంలోనే రాస్తాను, పక్కన క్యాలెండర్ ఇన్వైట్ కూడా పంపుతాను. దాన్ని తెరిస్తే ఎవరి టైమ్‌లో వాళ్లకి కనిపిస్తుంది. అక్టోబర్ చివర కూడా ఒక వారం ఇదే తిరకాసు ఉంటుంది, ఈసారి అటువైపు నుంచి. యూరప్ ముందు వెనక్కి జరుగుతుంది, అమెరికా నవంబర్ మొదటి ఆదివారం.

హోస్ట్: ఏ యాప్ వాడతారు?

అక్క: ఏదైనా ఒకటే. డబ్బు కట్టకపోతే జూమ్‌లో నలభై నిమిషాలు, గూగుల్ మీట్‌లో ముగ్గురు, అంతకంటే ఎక్కువమంది ఉంటే గంట. జిట్సీ కూడా ఉంది. ఆ నలభై నిమిషాల కోతని అందరూ తిడతారు గానీ నాకైతే మేలే. గంట సేపు ఎడతెగకుండా మాట్లాడితే ఆ రాత్రి చదవడానికి గొంతు ఉండదు. లింక్ మాత్రం బయట ఎక్కడా పెట్టను, వెయిటింగ్ రూమ్ ఆన్ చేసి ఉంచుతాను, నేను రానిస్తేనే లోపలికొస్తారు. అంతే, దాని గురించి ఇంకేం లేదు.

హోస్ట్: మీవాళ్లంతా గొంతుతో పనిచేసేవాళ్లు. కాల్‌లో మాటలు అదిరిపోతాయేమో!

అక్క: చాలామంది అలాగే అనుకుంటారు. అసలు సంగతేంటంటే, ఎదుట కాగితం ఉంటే మేం సింహాలం. కాగితం తీసేశావా, నోరు పెగలదు. మొదటి మీటింగ్‌లో "మీ గురించి చెప్పండి" అన్నాను. ఒక్కొక్కరూ పేరు చెప్పి ఆగిపోయారు. నాలుగొందల పేజీల పుస్తకం ఒక్కడే చదివిన మనిషి, "నమస్తే, అంతే" అన్నాడు.

హోస్ట్: (నవ్వు) మరి ఏం చేశారు?

అక్క: చేతికి కాగితం ఇచ్చాను. ఈ నెల మీ నాలుక తిరగని వాక్యం ఒకటి పట్టుకురండి అన్నాను. అప్పట్నుంచి అదే మా మీటింగ్. ఒకమ్మాయి ఒకటి తెచ్చింది, ఆగు, గుర్తు తెచ్చుకోనీ... "నిర్ణిద్ర నేత్రాలతో నిర్నిమేషంగా నిరీక్షించింది." నువ్వొకసారి అను.

హోస్ట్: నిర్ణిద్ర నేత్రాలతో నిర్ని... నిర్ణి... వద్దులెండి.

అక్క: చూశావా! తనూ అక్కడే. తొమ్మిది టేకులు తీసుకుందట, తొమ్మిదింట్లోనూ "నిర్నిమేషం" కాస్తా "నిర్ణిమేషం" అయిపోతోంది. ముందు మాటలో "ణ" ఉందిగా, నాలుక ఆ వంపులోనే ఉండిపోతుంది. అప్పుడు మా ప్రూఫ్ లిజనర్, నేను చెప్పానే, ఆవిడ, మెల్లగా అంది: "వెనక నుంచి కట్టుకురా." ముందు "నిరీక్షించింది" ఒక్కటే అను. తర్వాత "నిర్నిమేషంగా నిరీక్షించింది". అది స్థిరపడ్డాక "నేత్రాలతో" తగిలించు. ఆఖర్న "నిర్ణిద్ర". అలా కట్టుకొస్తే కష్టమైన ముక్కకి వచ్చేసరికి దాని తర్వాతి దారి నోటికి అప్పటికే తెలిసుంటుంది. పదకొండు మందిమి మ్యూట్‌లో ఉండి పెదాలు కదిపేస్తున్నాం. తెర మీద అన్ని మొహాలూ చేపల్లా నోళ్లు తెరిచి మూస్తున్నాయి. అది చూసి ఒకడికి నవ్వాగక కెమెరా ఆపేశాడు.

హోస్ట్: కెమెరా అందరూ ఆన్ చేయాలా?

అక్క: అస్సలొద్దు. గొంతు మాత్రమే ఇస్తామని వచ్చినవాళ్లు వాళ్లు. మొహం చూపించమనడానికి మనమెవరం? మీటింగ్ రికార్డ్ కూడా చేయను. రేపు ఏదో క్లిప్‌లో తన తడబాటు వినబడుతుందనుకుంటే ఎవరు తడబడతారు చెప్పు.

హోస్ట్: మైకులూ ఎడిటింగూ, ఆ టెక్నికల్ విషయాలు కూడా మాట్లాడుకుంటారా?

అక్క: మాట్లాడుకుంటాం గానీ, ఒక దెబ్బ తిన్నాక పద్ధతి మార్చాం. ఒకాయన కొత్త మైక్ కొన్నాడు. "వినండి" అని కాల్‌లోనే పాతదాన్తో ఒకసారి, కొత్తదాన్తో ఒకసారి చదివాడు. మాకు రెండూ ఒకేలా వినిపించాయి. ఆయన మొహం వాడిపోయింది, డబ్బు దండగైందని. అసలు లోపం మైక్‌ది కాదు. వీడియో కాల్ యాప్ మన గొంతుని ఉన్నదున్నట్టు పంపదు. నాయిస్ అనుకున్నదాన్ని కోసేస్తుంది, హెచ్చుతగ్గుల్ని చదును చేస్తుంది, నెట్ తట్టుకునేలా కుదించి పంపుతుంది. దానికి కావలసింది మాట అర్థం కావడం. పుస్తకం చదివేవాడికి కావలసినవి ఆ ఊపిరి, గుసగుస, వాక్యం చివర సన్నగా ఆరిపోయే ధ్వని. యాప్ సరిగ్గా వాటినే చెత్త అనుకుంటుంది. జూమ్‌లో ఒరిజినల్ సౌండ్ అని ఒక సెట్టింగ్ ఉంది, పెడితే కొంత నయం. నేనైతే ముందే ఫైళ్లు తెప్పించుకుంటాను. ఒకే పేరా, మైక్‌కి బెత్తెడు దూరంలో ఒకసారి, జానెడు దూరంలో ఒకసారి, మూరెడు దూరంలో ఒకసారి. ఎవరి హెడ్‌ఫోన్స్‌లో వాళ్లు విని వస్తారు. కాల్‌లో తీర్పులే. బెత్తెడు దూరంలో "ప" అన్నప్పుడల్లా మైక్‌ని కొట్టినట్టుంటుంది. మూరెడు దూరంలో గది మొత్తం వినిపిస్తుంది. చాలామందికి జానెడు దగ్గర కుదురుతుంది. మైక్‌ని కాస్త పక్కకి వంచితే ఇంకా మేలు.

హోస్ట్: అందరూ కలిసి చదివే సరదా ఏమీ లేదా?

అక్క: ఉంది, ఏడాదికి రెండుసార్లు నాటకం. మామూలుగా నాటకం రికార్డ్ చేసేటప్పుడు ఎవరి పాత్ర వాళ్లు విడిగా చదివి పంపుతారు. ఎవరో ఒక పుణ్యాత్ముడు కూర్చుని అన్నీ కుట్టాలి. రాజు మార్చిలో కోప్పడితే మంత్రి జూన్‌లో జవాబిస్తాడన్నమాట. కాల్‌లో చదివితే ఎదుటివాడి మాట చెవిలో పడ్డాక మన మాట వస్తుంది. ఎంత తేడానో! ఒకసారి మాత్రం కోరస్ పెట్టాను, బుద్ధి తక్కువై. నలుగురూ ఒకేసారి "మహారాజుకీ జై" అనాలి. ఒకడి జై అయ్యాక ఇంకొకడి మహా వినిపించింది. నెట్‌లో మాట చేరడానికి కొంత ఆలస్యం తప్పదు. మామూలు సంభాషణకి ఒక వైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకుండా ఉండాలని ఐటీయూ, అంటే అంతర్జాతీయ టెలికాం సంస్థ, సిఫారసు. కబుర్లకి ఆమాత్రం పట్టింపులోకి రాదు. కోరస్ దగ్గరికొచ్చేసరికి అదే కొంప ముంచుతుంది. ఇప్పుడు జై కొట్టే సైన్యం అంతా ఒక్కడే.

హోస్ట్: కొత్తగా ఎవరైనా ఇలాంటి మీటింగ్ పెట్టాలనుకుంటే, ఎంతమందితో మొదలుపెట్టాలి?

అక్క: నలుగురు చాలు. ఎనిమిది దాటితే బ్రేకవుట్ రూముల్లోకి, అదే కాల్‌లో ఉండే చిన్న చిన్న విడి గదుల్లోకి, విడగొట్టు, లేకపోతే ఇద్దరే మాట్లాడతారు, మిగతావాళ్లు... ఒక్క నిమిషం ఆగు.

హోస్ట్: ఏమైందక్కా?

అక్క: విను.

హోస్ట్: ఏమీ వినిపించట్లేదే.

అక్క: అదే చెప్తున్నా! డ్రిల్ ఆగిపోయింది. భోజనానికి వెళ్లుంటారు. నాకు ఏడో అధ్యాయంలో చివరి నాలుగు పేజీలు మిగిలున్నాయి. తమ్ముడూ, ఏమనుకోకు, మళ్లీ వాళ్లు మొదలుపెట్టాక ఫోన్ చేస్తా.

హోస్ట్: వెళ్లండి, వెళ్లండి. అక్కా, ఫ్యాన్ ఆపడం మర్చి...

అక్క: ఆపేశా.