రెండో కాపీ ముందు, స్పీకర్లు తర్వాత

పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

ఇంత ఉక్కపోతలో ఆదివారం సాయంత్రం పనులు మానుకుని వచ్చారు. సంతోషం. మనం కలిసినప్పుడల్లా మాట యాంప్లిఫయర్ దగ్గర మొదలై స్పీకర్ల దగ్గర ఆగిపోతుంది. ఏ కంపెనీది, ఎన్ని వాట్లు, బీసెంట్ రోడ్డులో ఎంత చెప్పారు, ఆన్‌లైన్‌లో ఎంతకొస్తోంది... ఈ రోజు వాటికి ముందూ వెనకా ఉండే సంగతులు మాట్లాడతాను. పాట ఏ డిస్కులో ఉంది? ఆ డిస్కు పోతే ఏం మిగులుతుంది? ఆ పాట వినే గది ఎలా ఉంది?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. డబ్బు పెట్టే వరుసను మనం తలకిందులు చేసుకున్నాం. ముందు రెండో కాపీకి పెట్టాలి, తర్వాత గదికి, మిగిలింది స్పీకర్లకు. స్పీకరు కాలిపోతే కొత్తది కొనుక్కోవచ్చు. మీ తాతగారు పాడిన కీర్తన ఉన్న టేపు పోతే అది ఏ షాపులోనూ దొరకదు.

మన విజయవాడలో ఇది మరీ ముఖ్యం. 1948 డిసెంబర్ 1న ఇక్కడ ఆకాశవాణి కేంద్రం మొదలైంది. బాలమురళీకృష్ణ గారు, శ్రీరంగం గోపాలరత్నం గారు పనిచేసిన కేంద్రం అది. పొద్దున్నే భక్తిరంజని వస్తుంటే రేడియో పక్కన టేప్ రికార్డర్ పెట్టి పట్టుకున్న ఇళ్లు మన చుట్టుపక్కల ఎన్నో ఉన్నాయి. హరికథలు, బుర్రకథలు, పౌరాణిక నాటకాల పద్యాలు, పెళ్లిలో సన్నాయి, త్యాగరాజ ఆరాధనలో ఎవరో ఊరి విద్వాంసుడి కచేరీ. వీటిలో చాలావాటికి ఆ ఇంట్లో ఉన్న ఒక్క క్యాసెట్టే మూలం. సినిమా పాటలు ఇంకెక్కడైనా దొరుకుతాయి, ఇవి దొరకవు.

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్, పాయకాపురం వైపు ఏం జరిగిందో మీకు చెప్పక్కర్లేదు. కింది అంతస్తులు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. నాకు తెలిసిన ఒక పెద్దాయన అంతకు ముందే ఎంతో ఓపికగా తన క్యాసెట్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నారు. కంప్యూటర్ టేబుల్ కింద ఉంది. కాపీ తీసిన హార్డ్ డిస్క్ అదే గదిలో బీరువా కింది అరలో ఉంది. క్యాసెట్లు ఆ పక్కనే అట్టపెట్టెలో. మూడూ ఒకే నీళ్లలో మునిగాయి. ఆయన చేసిన పనిలో లోపమేమీ లేదు, మూడూ ఒకే చోట ఉండటమే నష్టం చేసింది.

అందుకే ఈ పనిలో ఉన్నవాళ్లు మూడు-రెండు-ఒకటి అని ఒక లెక్క చెబుతారు. మొత్తం మూడు కాపీలు, రెండు వేర్వేరు రకాల పరికరాల మీద, అందులో ఒకటి వేరే ఊళ్లో లేదా కనీసం వేరే ఇంట్లో. నా మూడో కాపీ గుంటూరులో మా అక్కయ్య వాళ్లింట్లో, మేడ మీది గదిలో ఉంటుంది. పండక్కి వెళ్లినప్పుడు కొత్త డిస్కు అక్కడ పెట్టి పాతది తెచ్చుకుంటాను. నెలకింత అని కట్టే పని లేదు, గంటల తరబడి అప్‌లోడ్ చేసే పనీ లేదు. క్లౌడ్ వాడేవాళ్లు వాడండి, మంచిదే. కాకపోతే పాస్‌వర్డ్ ఇంట్లో ఇంకొకరికి తెలిసేలా చూడండి.

ఇక్కడ ఒక అపోహ తీసేయాలి. చాలామంది రెండు డిస్కుల నాస్ పెట్టె (ఇంటి నెట్‌వర్క్‌కు తగిలించే డిస్కుల పెట్టె) కొని, రెయిడ్ (డిస్కుల్ని జతగా పనిచేయించే పద్ధతి) పెట్టుకుని, ఇక బ్యాకప్ అయిపోయిందని నిశ్చింతగా ఉంటారు. రెయిడ్ 1లో ఒక డిస్కులో ఉన్నదే రెండోదానిలోనూ ఉంటుంది. ఒక డిస్కు చెడిపోతే పాట ఆగదు, అంతవరకు నిజం. కానీ పొరపాటున ఒక ఫోల్డర్ డిలీట్ చేస్తే అదే క్షణంలో రెండింటిలోనూ పోతుంది. వైరస్ వచ్చి ఫైళ్లకు తాళం వేస్తే రెండింటికీ వేస్తుంది. పిడుగు పడి ఆ పెట్టె కాలితే రెండూ కాలతాయి. మనకు కావలసింది వైరు పీకేసి పక్కన పెట్టిన డిస్కు. వారానికో నెలకో ఒకసారి తగిలించి, కాపీ చేసి, మళ్లీ తీసేసేది.

ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, చిప్పులతో చేసిన డిస్కు) గురించి తరచూ అడుగుతుంటారు. రోజూ వాడే కంప్యూటర్‌కు అది బ్రహ్మాండం, చప్పుడు ఉండదు. కానీ కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి బీరువాలో పెట్టడానికి దాన్ని నమ్ముకోవద్దు. దానిలో సమాచారం విద్యుదావేశంగా ఉంటుంది, అది మెల్లగా కారిపోతుంది, వేడికి ఇంకా త్వరగా. దాచడానికి మామూలు హార్డ్ డిస్కే నయం. పాటలకు దాని వేగం చాలదేమో అనే టెన్షన్ అనవసరం. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో ఆరు చానళ్లు ఒకేసారి వినాలన్నా సెకనుకు 2 మెగాబైట్ల లోపే కావాలి. మామూలు హార్డ్ డిస్క్ 100 మెగాబైట్లకు పైగా ఇస్తుంది.

దానికి శత్రువు వేడి. మే నెలలో విజయవాడ ఎండ సంగతి తెలిసిందే. టీవీ కింద తలుపులున్న చెక్క అల్మారాలో యాంప్లిఫయరూ నాస్ పెట్టే కలిపి పెడితే లోపల పొయ్యి రాజేసినట్టే. చాలా హార్డ్ డిస్కులకు కంపెనీ చెప్పే హద్దు 60 డిగ్రీలు. నేనైతే 45 దాటనివ్వను. నాస్‌ను గాలాడే వేరే గదిలో పెట్టి, అక్కడి నుంచి హాల్లోకి నెట్‌వర్క్ కేబుల్ లాగండి. ఫ్యాను చప్పుడు కూడా వినే గదిలో ఉండదు. వైఫై మీద ఆధారపడితే సినిమా మధ్యలో ఆగుతుంది. ఇంకో సంగతి, చాలా టీవీల్లో నెట్‌వర్క్ పోర్టు 100 మెగాబిట్లే. మామూలు బ్లూరేకి అది సరిపోతుంది. 4కే బ్లూరే డిస్కు గరిష్ఠంగా 128 మెగాబిట్ల దాకా వెళ్లగలదు కాబట్టి దానికి చాలకపోవచ్చు.

క్యాసెట్ల దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. ఈ పని ఒక్కసారే చేస్తాం, సరిగ్గా చేయాలి.

టేపును ముందుగా ఒకసారి చివరిదాకా ముందుకు తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పండి. ఏళ్ల తరబడి అతుక్కున్న పొరలు విడతాయి. లోపల టేపు వెనక చిన్న ఫెల్టు ముక్క ఉంటుంది, అది ఊడిపోయి ఉంటే పాట లోతుగా, మూసుకుపోయినట్టు వస్తుంది. పాడైన ఇంకో క్యాసెట్ నుంచి దాన్ని తీసి అతికించవచ్చు. హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. ఆ తర్వాత ముఖ్యమైనది అజిముత్, అంటే టేపుకు హెడ్ ఆనుకునే వాలు. హెడ్ పక్కన ఒక చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని వెంట్రుకవాసి తిప్పితే తాళాల శబ్దం, గాత్రంలో 'స' అక్షరం విచ్చుకుని వినిపించే చోటు దొరుకుతుంది. మీ క్యాసెట్ ఎవరి టేప్ రికార్డర్ మీద రికార్డు అయిందో, దాని హెడ్ వాలు ఎంతో మనకు తెలియదు. అందుకని క్యాసెట్ క్యాసెట్‌కీ ఇది చూసుకోవాలి. ఈ ఒక్క పనికి ఇచ్చే పది నిమిషాలు ఏ సాఫ్ట్‌వేర్ కన్నా ఎక్కువ మేలు చేస్తాయి.

పాత రికార్డింగ్ మోనో అయితే, స్టీరియో డెక్‌లో ఎడమ, కుడి రెండూ కలిపేయడం మనకు అలవాటు. హెడ్ కాస్త వంకరగా ఉన్నా అలా కలిపినప్పుడు పై స్వరాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. రెండూ విడివిడిగా విని, శుభ్రంగా ఉన్న వైపే ఉంచుకోండి.

రికార్డు చేసేటప్పుడు 24 బిట్ పెట్టుకోండి, శబ్దం బాగా పెరిగే శిఖరాలు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూడండి. 24 బిట్‌లో లెవెల్ తక్కువైనా నష్టం లేదు, ఎక్కువై పగిలితే మాత్రం బాగుచేయలేం. క్యాసెట్‌కు 48 కిలోహెర్ట్జ్ చాలు. ఆ లెక్కన 60 నిమిషాల క్యాసెట్ సుమారు 1 గిగాబైట్. కచేరీలు నేరుగా రికార్డు చేసేవాళ్లకు ఒక హెచ్చరిక. మామూలు వేవ్ ఫైలు 4 గిగాబైట్లు దాటి పెరగలేదు. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ స్టీరియోలో అది దాదాపు 2 గంటల 4 నిమిషాలు. చాలా రికార్డర్లు అక్కడ వాటంతట అవే కొత్త ఫైలు మొదలుపెడతాయి. కొన్ని పెట్టవు, తని ఆవర్తనం (మృదంగం విడిగా వాయించే భాగం) మధ్యలో ఆగిపోతాయి. ముందే ఇంట్లో పరీక్షించి చూసుకోండి.

దాచేటప్పుడు ఫ్లాక్‌లో దాచండి. 2001 నుంచి ఉన్న పద్ధతి, ఉచితం, ఒక్క బిట్ కూడా పోదు, సీడీ పాటలైతే ఫైలు దాదాపు సగానికి తగ్గుతుంది. ఒక టెరాబైట్‌లో రెండు వేలకు పైగా సీడీలు పడతాయి. ఇన్ని పడుతున్నప్పుడు ఎంపీ3లో కుదించి దాచడానికి కారణమే లేదు. ఫోన్‌కు కావాలంటే ఫ్లాక్ నుంచి అప్పుడు తీసుకోండి. ఫ్లాక్‌లో నాకు బాగా నచ్చింది ఇంకోటి ఉంది. ప్రతి ఫైలులోనూ అసలు ధ్వనికి ఒక ముద్ర దాచి ఉంటుంది. ఐదేళ్ల తర్వాత పరీక్షించి, ఒక్క బిట్ మారినా పట్టుకోవచ్చు. ఏడాదికోసారి మొత్తం డిస్కుకు ఈ పరీక్ష పెట్టి, చెడిన ఫైలు కనబడితే గుంటూరు డిస్కు నుంచి తెచ్చుకోవడమే.

పేర్లు తెలుగు లిపిలోనే రాయండి. ఫ్లాక్ ట్యాగుల్లో తెలుగు చక్కగా పడుతుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో ఘంటసాల గారి పేరు నలుగురు నాలుగు రకాలుగా రాస్తారు, వెతికితే సగం పాటలే వస్తాయి.

ఇక వినడం దగ్గరికి వద్దాం.

5.1 అంటే ముందు ఎడమ, కుడి, మధ్య, పక్కల రెండు, లోతైన శబ్దాలకు విడిగా 120 హెర్ట్జ్ దాకా వెళ్లే ఒక చానల్. థియేటర్లకు డాల్బీ డిజిటల్ 1992లో, డీటీఎస్ 1993లో వచ్చాయి. డాల్బీలో ధ్వని ఫిల్మ్ మీదే, పక్కన ఉండే రంధ్రాల మధ్య అచ్చయి ఉండేది. డీటీఎస్‌లో ఫిల్మ్ మీద టైమ్‌కోడ్ మాత్రమే, ధ్వని విడిగా సీడీ-రామ్ డిస్కుల్లో. అంటే గాంధీనగర్ డిస్ట్రిబ్యూటర్ దగ్గర నుంచి థియేటర్‌కు ప్రింటు పెట్టెతో పాటు డిస్కులూ చేరాల్సి వచ్చేది. సరౌండ్ సౌండ్ కథలో కంప్యూటర్ డిస్కు మొదటి రోజుల నుంచే ఉందన్నమాట.

ఇళ్లలో నాకు ఎక్కువగా వినబడే ఫిర్యాదు ఒకటే. "ఫైట్లు అదిరిపోతున్నాయి, డైలాగులు వినబడటం లేదు." 5.1లో మాటలు చాలావరకు సెంటర్ చానల్‌లో ఉంటాయి. కంప్యూటర్‌కు రెండే స్పీకర్లు తగిలించి, విండోస్‌లో మాత్రం 5.1 అని పెట్టి ఉంటే మాటంతా అసలు మీ దగ్గర లేని సెంటర్ స్పీకర్‌కు వెళ్లిపోతుంది. ముందు ఆ సెట్టింగ్ చూడండి. సెంటర్ స్పీకరు ఉన్నవాళ్లు దాన్ని టీవీ కింద అల్మారా లోపలికి తోసేస్తారు. అంచు దాకా ముందుకు లాగి, చెవి వైపు కొంచెం పైకి వంచండి. బడ్జెట్ తక్కువైతే వెనక స్పీకర్లు ఆలస్యంగా కొనండి, సెంటర్ మాత్రం మంచిది తీసుకోండి.

తీగల విషయం త్వరగా చెప్పేస్తాను. ఆప్టికల్ కేబుల్‌లో రెండు చానళ్ల మామూలు ధ్వని గానీ, కుదించిన డాల్బీ, డీటీఎస్ గానీ మాత్రమే వెళ్తాయి. ఆరు చానళ్ల ఫ్లాక్ అందులో పట్టదు. హెచ్‌డీఎమ్‌ఐలో ఎనిమిది చానళ్ల దాకా వెళ్తాయి. కాబట్టి కంప్యూటర్‌ను ముందు రిసీవర్‌కు (స్పీకర్లన్నిటినీ నడిపే యాంప్లిఫయర్ పెట్టెకు), రిసీవర్‌ను టీవీకి కలపండి. టీవీ ద్వారా తిప్పి తెచ్చుకుంటే, ఇ-ఆర్క్ (టీవీ నుంచి ధ్వనిని కుదించకుండా రిసీవర్‌కు పంపే హెచ్‌డీఎమ్‌ఐ ఏర్పాటు) లేని టీవీల్లో ఆరు చానళ్ల నష్టంలేని ధ్వని రిసీవర్ దాకా రాదు. కంప్యూటర్ తగిలించగానే బుర్రుమని హమ్ వస్తే అది ఎర్తింగ్ గొడవ. అన్నీ ఒకే ప్లగ్ బోర్డు నుంచి ఇచ్చి చూడండి, కేబుల్ టీవీ తీగ పీకి చూడండి. ప్లగ్గుకు ఎర్త్ పిన్ను తీసేయమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయొద్దు, ప్రాణాల మీదికి వస్తుంది.

మన గదులు కాంక్రీటు స్లాబు, టైల్స్ నేల, ఖాళీ గోడలు. చప్పట్లు కొట్టండి, టంగుమని తిరిగొస్తుంది. ఆ మోతలో ఎంత ఖరీదైన స్పీకరైనా ఒక్కటే. మందపాటి కర్టెన్లు, నేల మీద జంపఖానా, పక్క గోడకు పుస్తకాల అర, వెనక గోడకు దూదితో కుట్టిన బొంత ఒకటి వేలాడదీసి మళ్లీ వినండి. తేడా ఇంట్లోవాళ్లు కూడా చెబుతారు.

బాస్‌కు, అంటే లోతైన శబ్దాలకు, మాత్రం బొంతలు చాలవు. 12 అడుగుల గదిలో సుమారు 48 హెర్ట్జ్ దగ్గర శబ్దం గోడకూ గోడకూ మధ్య నిలబడిపోతుంది. గది 12కు 12 అయితే రెండు దిక్కులా అదే స్వరం, ఇంకా కష్టం. ఆ స్వరానికి వెనక గోడకు ఆనుకుని కూర్చున్నవాళ్లకు గుమగుమ, గది నడిమధ్య కూర్చున్నవాళ్లకు బాసే ఉండదు. సబ్ ఊఫర్‌ను (బాస్ స్పీకరును) మీరు కూర్చునే కుర్చీలో పెట్టి బాస్ పాట వేసి, గోడల వెంట మోకాళ్ల మీద తిరిగి వినండి. బాస్ ఎక్కడ సమంగా వినబడితే సబ్ ఊఫర్ చోటు అదే. అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్లు దాని కింద రబ్బరు మెత్త వేసి, రాత్రి తొమ్మిది దాటాక తగ్గించండి. స్లాబు గుండా అది కింది ఫ్లాటువాళ్ల మంచం దాకా వెళ్తుంది.

ముందు స్పీకర్లు మీకు నేరుగా ఎదురుగా ఉండే గీత నుంచి రెండు వైపులా 30 డిగ్రీల చొప్పున, పక్కవి 100 నుంచి 120 డిగ్రీల మధ్య, అంటే చెవులకు కొంచెం వెనగ్గా. దూరాలు టేపుతో కొలిచి రిసీవర్‌లో వేయండి. ధ్వనికి 35 సెంటీమీటర్లకు ఒక మిల్లీసెకను పడుతుంది, ఆ తేడా చెవికి తెలుస్తుంది.

చివరగా, పాత మోనో పాటల్ని ఆరు స్పీకర్లలో వేయాలనే ఉత్సాహం. 'హాల్', 'స్టేడియం' అనే మోడ్‌లు లేని ప్రతిధ్వనిని అతికిస్తాయి. నాకది ఇష్టం లేదు, మీకూ వద్దంటాను. భక్తిరంజనిని ఒక్క సెంటర్ స్పీకరులో వినండి. గొంతు ఒక్క చోటు నుంచి, మనిషి ఎదురుగా కూర్చుని పాడినట్టు వస్తుంది.

పక్క గదిలో కొలత మైకు, రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉన్న ల్యాప్‌టాప్ పెట్టాను. టీ తాగి అక్కడికి రండి. బొంత కట్టక ముందు, కట్టిన తర్వాత కొలిచి చూపిస్తాను. క్యాసెట్లు తెచ్చినవాళ్లు డెక్ దగ్గర కూర్చోండి, ఒక్కొక్కటిగా అజిముత్ సరిచేసి చూద్దాం.