సగటు మెదడు ఎవరి తలలోనూ ఉండదు

[తెర మీద: బూడిద రంగు మెదడు బొమ్మ, దాని మీద అక్కడక్కడా నారింజ రంగు మచ్చలు]

"ప్రేమలో పడితే మెదడులో ఈ భాగం వెలుగుతుంది", "అబద్ధమాడితే ఇదిగో ఇక్కడ"... ఇలాంటి వార్తల పక్కన ఈ బొమ్మ చూసే ఉంటారు. ఇంతకీ ఇది ఎవరి మెదడు? చాలాసార్లు ఎవరిదీ కాదు. పాతిక ముప్ఫై మందిని స్కాన్ చేసి, అందరి ఫలితాలూ కలిపి తీసిన సగటు ఇది.

ఆ నారింజ రంగు కూడా మెదడులో కనిపించింది కాదు, కంప్యూటర్ పూసింది. ఇలాంటి బొమ్మల కోసం, మెదడు పనిచేస్తుండగా తీసే స్కాన్‌ను ఎఫ్ఎమ్మారై అంటారు. అది మన ఆలోచనల్ని చూడదు, రక్తంలో ఆక్సిజన్ ఎలా మారుతోందో చూస్తుంది. మెదడులో ఒకచోట పని పెరిగితే, అయిదారు సెకన్లకు అక్కడ ఆక్సిజన్ ఉన్న రక్తం పెరుగుతుంది. దానివల్ల సిగ్నల్‌లో వచ్చే తేడా మహా అయితే ఒకటి రెండు శాతం. పడుకున్న మనిషి కాస్త తల కదిపితే చాలు, ఆ తేడా కాస్తా గల్లంతు. అందుకే నలుగురినీ కలిపి సగటు తీయడం అలవాటైంది. మనుషులందరికీ ఉమ్మడిగా ఉన్నదేమిటో తెలుసుకోవడానికి అది మంచి పద్ధతే. చిక్కల్లా, పాతికమంది పాస్‌పోర్ట్ ఫొటోలు ఒకదాని మీద ఒకటి పెడితే ముఖమైతే కనిపిస్తుంది కానీ, ఎవరి ముక్కు ఎవరిదో తెలియదు.

[తెర మీద: రెండు మెదళ్ల బొమ్మలు సాగుతూ, కుదించుకుంటూ ఒకే ఆకారంలోకి వస్తాయి]

సగటు తీయాలంటే ముందు అందరి మెదళ్లనూ ఒకే కొలతలోకి తేవాలి. ఆ కొలత ఎక్కడిది? ఫ్రాన్స్‌కు చెందిన తలైరాక్ అనే న్యూరోసర్జన్, తోటి పరిశోధకుడు టూర్నూతో కలిసి 1988లో వేసిన అట్లాస్‌ను, అంటే మెదడు పటాన్ని, ప్రపంచమంతా ఏళ్ల తరబడి వాడింది. దానికి ఆధారం 60 ఏళ్ల ఒక మహిళ మెదడు. అక్షరాలా ఒక్కటే! తర్వాత కెనడాలోని మాంట్రియల్‌లో 152 మంది స్కాన్లతో సగటు నమూనా చేశారు. మన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్లు 2019లో వందమందితో, అంటే 50 మంది ఆడవాళ్లు, 50 మంది మగవాళ్లతో, భారతీయ మెదడు అట్లాస్ తయారుచేశారు. పాశ్చాత్యులతోనూ, చైనా, కొరియా వాళ్లతోనూ పోలిస్తే మన మెదడు సగటు కొలతలు కాస్త చిన్నవని అందులో తేలింది. వాట్సాప్‌లో తెలివితేటల లెక్కలు మొదలుపెట్టకండి, ఇది కొలబద్ద సంగతి మాత్రమే. మన స్కాన్‌ను మనకు సరిపోని నమూనాతో పోల్చితే లేని జబ్బు ఉన్నట్టు కనిపించే ప్రమాదం ఉంది కదా, అందుకని.

కాకపోతే కొత్త అట్లాస్ కూడా సగటే. ఒకే పోలికతో పుట్టిన కవలలకు కూడా మెదడు మడతలు అచ్చుగుద్దినట్టు ఉండవు. నుదుటి వెనక, రెండు అర్ధభాగాలూ ఎదురుబదురుగా ఉండే చోట కొందరికి అదనంగా ఒక గాడి ఉంటుంది, కొందరికి అసలుండదు. చూపుకు సంబంధించిన మొదటి ప్రాంతం వైశాల్యం ఒకరికీ ఇంకొకరికీ రెండింతలకు పైగా తేడా ఉండొచ్చు.

[తెర మీద: ఆసుపత్రి గోడ గడియారం, సమయం రాత్రి పన్నెండు]

మరి ఒక్క మనిషినే తీసుకుని, ఆ మనిషి మెదడునే బాగా చూస్తే? అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలోని వాషింగ్టన్ యూనివర్సిటీలో అదే చేశారు. అర్ధరాత్రి దాటితే అక్కడ స్కానర్ తక్కువ ధరకు దొరికేది. అందుకని పదిమంది, తలా పది రాత్రులు వెళ్లి పడుకున్నారు. పేరు కూడా 'మిడ్‌నైట్ స్కాన్ క్లబ్' అనే పెట్టుకున్నారు. ఊరికే పడుకుని చేసిన స్కానే ఒక్కొక్కరికి అయిదు గంటలు. 2017లో ఫలితాలు వచ్చాయి. సగటు బొమ్మలో కనిపించని హద్దులు, దీవుల్లాంటి చిన్నచిన్న ప్రాంతాలు ఒక్కొక్కరిలో ఒక్కో తీరుగా స్పష్టంగా కనిపించాయి.

ఆ బృందంలో నికో డోసెన్‌బాక్ అనే డాక్టర్ ఇంకో అడుగు ముందుకేశారు. చెయ్యి విరగకుండానే కట్టు వేయించుకున్నారు, అదీ గులాబీ రంగు కట్టు. ఆయనతో కలిపి ముగ్గురు, రెండు వారాల పాటు బాగా వాటమున్న చేతిని కట్టులో పెట్టుకుని రోజూ స్కాన్ చేయించుకున్నారు. రెండు రోజులు తిరక్కుండానే, మెదడులో ఆ చేతిని నడిపే భాగానికీ అవతలి చేతి భాగానికీ మధ్య పొత్తు సడలిపోయింది. కట్టు తీశాక మళ్లీ కుదురుకుంది. నాకు చాలా నచ్చిన ప్రయోగం ఇది. ఒక్కొక్కరినీ ఒక్కసారే స్కాన్ చేసి తీసిన వందమంది సగటులో ఈ మార్పు కనిపించేదే కాదు.

[తెర మీద: గీతలతో అల్లుకున్న మెదడు, పక్కన వేలిముద్ర]

2015లో యేల్ యూనివర్సిటీకి చెందిన ఎమిలీ ఫిన్ బృందం 126 మంది స్కాన్లు తీసుకుంది. మెదడును 268 ముక్కలుగా విభజించి, ఏ ముక్క సిగ్నల్ ఏ ముక్క సిగ్నల్‌తో కలిసి పైకీ కిందికీ ఊగుతోందో లెక్కగట్టింది. ఇవాళ తీసిన స్కాన్‌ను బట్టి, నిన్న తీసిన 126 స్కాన్లలో అదే మనిషిది ఏదో కంప్యూటర్ చెప్పాలి. పనేమీ చెప్పకుండా పడుకోబెట్టిన స్కాన్లలో తొంభై శాతానికి పైగా సరిగ్గా చెప్పింది.

ఇక్కడే జనం బోల్తా పడతారు. "ఇది ఫలానా మనిషి" అని గుర్తుపట్టడం వేరు, "ఈ మనిషి ఇలాంటివాడు" అని చెప్పడం వేరు. మొదటిదానికి, మీ స్కాన్ పక్కవాడి స్కాన్ కన్నా మీ పాత స్కాన్‌కు దగ్గరగా ఉంటే చాలు. రెండోదానికి, మెదడులోని తేడాకూ తెలివికో కోపానికో గట్టి సంబంధం ఉండాలి. 2022లో 'నేచర్' పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం సుమారు 50,000 మంది డేటాతో ఇది పరీక్షించింది. మళ్లీ చూసినా నిలబడ్డవాటిలో అన్నిటికన్నా బలమైన సహసంబంధం (సున్నా అంటే సంబంధమే లేదు, ఒకటి అంటే పూర్తి సంబంధం) 0.16. అంటే మనుషుల మధ్య తేడాల్లో వందకు రెండున్నర వంతులు మాత్రమే దానివల్ల తెలుస్తాయి. అప్పటిదాకా వచ్చిన అధ్యయనాల్లో మామూలుగా ఉండేది పాతికమందే! అంత తక్కువమందిలో కాకతాళీయంగా పెద్ద సంబంధం కనిపించడం మామూలే. అదే పరిశోధన పత్రం అవుతుంది, అదే వార్త అవుతుంది, మళ్లీ చేసి చూస్తే మాయమవుతుంది.

నిజంగా స్కాన్ చేసినా పరిస్థితి ఇది. అలాంటిది మన స్కూళ్లలో పిల్లల వేలిముద్రలు తీసుకుని, "మీ బాబు కుడి మెదడు మనిషి, ఇంజినీరింగ్‌కు పనికొస్తాడు" అంటూ రంగుల రిపోర్ట్ చేతిలో పెట్టే డీఎంఐటీ టెస్టుల గురించి ఏం చెప్పాలి? దానికి శాస్త్రీయ ఆధారం లేదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ చెప్పేసింది. డబ్బులు దండగ, పైగా పిల్లాడికి టెన్షన్.

[తెర మీద: స్కానర్‌లో పేషెంట్, అద్దంలో కనిపిస్తున్న ఆవు బొమ్మ]

అలాగని ఒక్క మనిషి స్కాన్ దేనికీ పనికిరాదనుకోవద్దు. మెదడులో గడ్డ తీసే ముందు దానికి చాలా విలువుంది. మాటకు ప్రధానమైన పక్క ఎక్కువమందికి ఎడమే. బాగా కుడిచేతి వాటం ఉన్నవాళ్లలో సుమారు 4 శాతానికీ, బాగా ఎడమచేతి వాటం ఉన్నవాళ్లలో దాదాపు 27 శాతానికీ అది కుడిపక్క ఉంటుందని 2000లో జర్మనీలో చేసిన అధ్యయనంలో తేలింది. ఆపరేషన్ టేబుల్ మీదున్న పేషెంట్ ఆ కొద్దిమందిలో ఒకరో కాదో సగటు చెప్పలేదు. అందుకే స్కానర్‌లో బొమ్మలు చూపించి, వాటి పేర్లు మనసులో అనుకోమంటారు. దాన్ని కూడా పూర్తిగా నమ్మరు. గడ్డ మాటకు దగ్గరగా ఉంటే పేషెంట్‌ను మెలకువగా ఉంచే ఆపరేషన్ చేస్తారు. సర్జన్ మెదడు పైభాగాన్ని సన్నని కరెంట్ మొనతో తాకుతుంటే, పక్కనున్నవాళ్లు బొమ్మలు చూపించి పేర్లు అడుగుతుంటారు. ఎక్కడ తాకితే మాట తడబడిందో అక్కడ అంకె వేసిన చిన్న కాగితం ముక్క పెడతారు. కత్తి ఆ అంకెల జోలికి వెళ్లదు.